సీమోను ఆస్పత్రిలో ఉన్నాడట

గుడివాకలంక,
జూన్ 11.

సుగుణక్కా,

ఇది నేనే. నీ తమ్ముడు సీమోనునే. కవరు మీద నా కోడిగీతలు చూసే ఉంటావు. ఇంత దరిద్రంగా రాసేవాడు ఈ కొల్లేరు చుట్టుపక్కల ఇంకోడు లేడు కాబట్టి నమ్ము. ఏడో తరగతితో బడి మానేసినందుకు ఇన్నాళ్ళకో లాభం కనిపించింది. నా రాత ఎవడూ కాపీ కొట్టలేడు.

ఈ రోజుల్లో ఉత్తరమేంటి అనుకుంటన్నావేమో. నా ఫోనెత్తవు. నా జతగాడు పాపారావు ఫోన్లోంచి చేస్తే "కొత్త నంబరు, కొత్త వేషమా" అని పెట్టేశావు. గూడెం వద్దామంటే బస్సు గతుకులకి పొట్ట కింద పొడుస్తంది. దాని సంగతి చివర్లో చెప్తాను.

ముందు ఆదివారం ఏమైందో విను. చర్చి నుంచొచ్చి పులుసన్నంలో చెయ్యి పెట్టానో లేదో ఫోను. "సార్, కరెంటాఫీసు నుంచండి. మీ బిల్లు అప్‌డేట్ అవ్వలేదండి. ఇవాళ సాయంత్రం లైను కట్ చేసేస్తారండి" అన్నాడు ఎవడో. నాకు నవ్వాగలేదు. ఎందుకంటే పోయినేడు నేను బావగారికి ఏం చేశానో నీకు తెలుసు కదా. పాపారావు ఫోన్లోంచి గొంతు మార్చి "కరెంటాఫీసండీ, చెకింగుకి వస్తన్నాం, ఇంట్లో బల్బులన్నీ విప్పి వరండాలో వరసగా పెట్టండి" అన్నాను. పాపం ఆయన ఉల్లిపాయల మార్కెట్టుకి సెలవు పెట్టి, తొమ్మిది బల్బులు విప్పి, సాయంత్రం దాకా కాపలా కూర్చున్నారు. ఆ రోజు "నీకూ ఓ రోజొస్తాది" అన్నారు.

ఆ రోజు వచ్చిందనుకున్నాను. ఏడాది ఆలోచించి బావగారే ఎవడిచేతో చేయిస్తన్నారు, ఆయన అంత కష్టపడి వేయించిన నాటకం మనం మధ్యలో పాడు చెయ్యకూడదు అనుకున్నాను. "అయ్యా, కట్ చెయ్యకండి, ఫ్రిజ్జులో గుడ్లున్నాయి" అని ఏడుపు గొంతు పెట్టాను. లింకు పంపాడు, నొక్కాను. ఆఫీసు పేరు, బల్బు బొమ్మ, అంతా పక్కాగా ఉంది. బావగారికింత తెలివెక్కడిది, మీ అమ్మాయి క్రిస్టినా చేసిపెట్టుంటది అనుకున్నాను. పేరు కొట్టమంటే కొట్టాను, ఫోన్ నంబరు కొట్టమంటే కొట్టాను. ఇంతలో మెసేజీలో ఆరంకెల నంబరొకటొచ్చింది. "అది చెప్పండి సార్, తొందరగా, టైమైపోతంది" అన్నాడు. చెప్పాను. మామూలుగా కాదక్కా, కీర్తన రాగంలో పాడి మరీ చెప్పాను. చివర్లో "బావగారూ, పక్కనే ఉన్నారు కదా, వందనాలండీ" అన్నాను. వాడు టక్కున పెట్టేశాడు.

ఆ తర్వాత నా ఫోన్లో వాట్సాప్ పోయింది. గంటకి పాపారావు పరిగెత్తుకొచ్చాడు. "ఏరా, ఆస్పత్రిలో ఉన్నావంట?" అంటా. నేను అరుగు మీద పళ్ళు కుట్టుకుంటా కూర్చున్నాను. వాడి ఫోన్లో చూస్తే నా పేరు, నా ఫోటో, కింద ఇలా ఉంది: "ఏలూరు ఆస్పత్రిలో ఉన్నాను. అర్జంటుగా ఐదు వేలు ఈ నంబరుకి పంపండి. ఫోన్ చెయ్యకండి, మాట్లాడే స్థితిలో లేను." నా ఫోన్లో ఉన్న రెండొందల మందికీ వెళ్ళిందంట. నా బ్యాంకు ఖాతా ఫోనుకి తగిలించుకోలేదు కాబట్టి నాది పోలేదు. మీది పోయిందా? నువ్వు గానీ బావగారు గానీ ఏమైనా పంపారా? వెంటనే రాయి.

ఇప్పుడు చివరి సంగతి. నాకు నిజంగానే ఆస్పత్రి పనుంది. షెడ్డులో చేపల ఐసు బాక్సులెత్తి ఎత్తి హెర్నియా వచ్చిందంట. మొన్న ఒకటో తారీకున ఏలూరులో చూపించుకున్నాను. ఆగస్టు ఇరవైకి ఆపరేషన్ రాశారు. సొంత మనిషొకరు వచ్చి సంతకం పెట్టి రెండ్రోజులు ఉండాలన్నారు. మా ఇంటిది పెర్సిస్ పోయి నాలుగేళ్ళు. ఉన్నది నువ్వే.

నేను చెప్పాల్సిన మాట ఆ దొంగ వెధవ నాకంటే ముందే అందరికీ చెప్పేశాడక్కా. ఇప్పుడు నేను చెప్తే నమ్ముతావా?

నిజంగా నీ తమ్ముడు,
సీమోను.


తాడేపల్లిగూడెం,
జూన్ 19.

ఒరేయ్ సీమోనూ,

రాత నీదే. అందులో అనుమానం లేదు. అయితే ఏంటంట?

నీ మెసేజీ మర్నాడు సోమవారం, అంగన్‌వాడీలో పిల్లలకి గుడ్లు ఒలుస్తూ చూశాను. చదివాను. ఫోను పక్కన పెట్టి మిగతా గుడ్లు ఒలిచాను. కదల్లేదు. ఎందుకు కదల్లేదో తెలుసా? ఎనిమిదేళ్ళ కిందట "సీమోనుకి పాము కరిచింది, ఏలూరు తీసుకొచ్చాం" అని ఫోన్ చేయించావు చూడు, ఆ రోజు కదిలాను. పొయ్యి మీద అన్నం వదిలేసి, కాళ్ళకి చెప్పుల్లేకుండా బస్సెక్కాను. దిగేసరికి నువ్వు బస్టాండులో బజ్జీలు తింటూ "అక్కొచ్చింది, పందెం నాదే" అని అరిచావు. ఆ రోజే అనుకున్నాను, ఇక నీ చావు కబురు పాస్టరుగారు వచ్చి చెప్పినా నమ్మనని.

అందుకే రూపాయి కూడా పంపలేదు. నీ దొంగబుద్ధి ఆ దొంగ నుంచి మమ్మల్ని కాపాడింది. సంతోషించు.

క్రిస్టినా ఫోన్ల షాపులో రోజూ ఇలాంటివే చూస్తుందట. నీ నంబరు నా ఫోన్లో అదే బ్లాక్ చేసింది, నీ వాట్సాప్ నీ చేతికి వచ్చేదాకా తియ్యొద్దంది. అదేమంటుందంటే, వాళ్ళు తాళం పగలగొట్టరట. నీ చేతే తలుపు తీయిస్తారట. ముందు భయపెడతారు. ఆలోచించుకోనివ్వకుండా తొందర పెడతారు. నువ్వు నమ్మేవాళ్ళ పేరు పెట్టుకుని వస్తారు. ఆ బల్బు బొమ్మ ఎవరైనా అతికించుకోవచ్చు. ఆ ఆరంకెల నంబరు నీ ఇంటి తాళంచెవి. అది కన్నకూతురు అడిగినా చెప్పకూడదట. నువ్వు రాగం కట్టి పాడావు.

ఇక హెర్నియా. ఆ దొంగా ఆస్పత్రే అన్నాడు, నువ్వూ ఆస్పత్రే అంటున్నావు. వాడు డబ్బు పంపమన్నాడు, నువ్వు మనిషిని రమ్మంటున్నావు. ఎవరు రాశారో రాత చెప్తుంది. నిజమో కాదో రాత చెప్పదురా.

మీ బావగారి గురించి అడక్కు. నీ పేరెత్తితే చాలు, లేచి బయటికి వెళ్ళిపోతున్నారు.

సుగుణ.


గుడివాకలంక,
జూలై 7.

అక్కా,

నా వాట్సాప్ నాకొచ్చింది! పాపారావు నన్ను ఏలూరు తీసుకెళ్ళి పోలీసుల దగ్గర కాగితం రాయించాడు. అక్కడున్న అమ్మాయి నా కథంతా విని "పాడారా సార్?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునండీ అన్నాను. డబ్బు పోయినవాళ్ళు గంట కూడా ఆగకుండా 1930కి ఫోన్ చెయ్యాలంట, నీ అంగన్‌వాడీ తల్లులకి చెప్పు. వాట్సాప్ మళ్ళీ పెట్టుకుందామంటే ఆ దొంగ నా ఇంటికి వాడి తాళం, అదే పిన్నంట, వేసుకున్నాడు. వారం ఆగితే గానీ అది ఊడలేదు. ఇప్పుడు నేనే ఓ పిన్ను పెట్టుకున్నాను. అదేంటో చెప్పను. చూశావా, నేర్చుకున్నాను.

ఎవరిదీ పైసా పోలేదక్కా. అంత హాయి నాకు ఈ మధ్య లేదు. కానీ ఆ దొంగ పడ్డ అవస్థ వింటే నీకు జాలేస్తాది. పాపారావు వాడికి "ఏ వార్డు? కోతుల వార్డా?" అని పెట్టాడంట. ఐసు ఫ్యాక్టరీ మరియమ్మత్త "పోయాక చెప్పు నాయనా, పూలు తెస్తాను" అంది. మా షెడ్డు ఓనరు "రేపు డ్యూటీకి రాకపోతే జీతం కట్" అన్నాడు. వాడు "నిజం అన్నా, నమ్మండి అన్నా" అని బతిమాలుకున్నాడంట. ఈ దేశంలో కోట్ల మంది పేర్లు దొరుకుతాయి కదా, పోయి పోయి నా పేరు పెట్టుకున్నాడు.

షెడ్డులో అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. నాకైతే నిజంగానే పొట్ట పట్టుకోవాల్సొచ్చింది. ఇంటికెళ్ళాక మాత్రం నవ్వు రాలేదు. రెండొందల మందికి నేను ఆస్పత్రిలో ఉన్నానని తెలిస్తే, చూద్దామని ఒక్కడూ కదల్లేదు.

ఇంకోటి. క్రిస్టినా చెప్పిన మూడు ముక్కలూ నేను నాలుగుసార్లు చదివాను. భయపెట్టడం, తొందర పెట్టడం, తెలిసినోళ్ళ పేరు చెప్పడం. అక్కా, ఇవి మూడూ నావే కదా! బల్బులకి అదే చేశాను. పాముకీ అదే చేశాను. "ఆలోచించడానికి టైమివ్వకూడదు" అని నేనే పాపారావుకి నేర్పాను. ఈ దొంగలు నా దగ్గర చదువుకున్నట్టే ఉన్నారు. తేడా ఒక్కటే. వేళాకోళం ఆడేవాడు చివర్లో బయటికొచ్చి నవ్వాలి, ఎదుటివాడి చేత ఓ దెబ్బ తినాలి. వీడు రాడు. దెబ్బ తినకుండా పోతాడు.

నమ్మవని తెలుసు కాబట్టి స్కానింగు కాగితం ఇందులో పెట్టాను. స్టాంపుంది, సంతకముంది. బావగారికి నా వందనాలు చెప్పు. ఫోన్లో పాడినవి కాదు, మామూలువి.

సీమోను.


తాడేపల్లిగూడెం,
జూలై 28.

సీమోనూ,

కాగితం అందింది. స్టాంపు చూశాను. ఆరేళ్ళ కిందట నీకు లాటరీలో ట్రాక్టరొచ్చిందని తెచ్చి చూపించావే, ఆ కాగితానికి ఇంతకంటే పెద్ద స్టాంపుంది. దానికి మీ బావగారు దండ కూడా కొన్నారు.

పనెక్కువగా ఉంది, ఎక్కువ రాయలేను. నీ నంబరు బ్లాక్ తీసేసింది క్రిస్టినా. అయినా ఫోన్ చెయ్యొద్దు. ఫోన్లో నీ గొంతు వింటే నేను మెత్తబడతాను, అది నీకు తెలుసు. ఉత్తరమైతే నీ వేళాకోళం మూడు రోజులు పోస్టులో నలిగి చల్లారి వస్తుంది. నాకు ఆలోచించుకోడానికి టైముంటుంది.

బాక్సులు ఎత్తకు. నిజమైనా, కాకపోయినా.

సుగుణ.


గుడివాకలంక,
ఆగస్టు 9.

అక్కా,

ఇందులో వేళాకోళం లేదు. వెతక్కు.

బాక్సులెత్తడం మానేశాను. బరువులు తూచే దగ్గర కుర్చీ వేశారు. ఇరవై దగ్గర పడతంది. సంతకానికి పాపారావు వస్తానన్నాడు. మంచోడే గానీ, వాడికి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి, వాణ్ణి చూసుకోడానికి ఇంకోణ్ణి పెట్టాలి.

నాకు భయంగా ఉందక్కా. చిన్న ఆపరేషనే అంటన్నారు. చిన్నదైనా మత్తిచ్చేముందు ఓసారి తిరిగి చూస్తే గుమ్మం దగ్గర మన మనిషి కనపడాలి కదా.

పాము కరిచిందన్న రోజు నేను నవ్వాను. కానీ నీ కాళ్ళు చూశాను. ఎడమ మడమ చీరుకుపోయి రక్తమొస్తంది. చూసి కూడా పందెం డబ్బులు తీసుకున్నాను. ఆ రోజు అనాల్సిన మాట ఇప్పుడంటన్నాను. తప్పయిపోయింది.

వస్తే రా. రాకపోతే నీ తప్పు కాదు, నా సంపాదన అది.

సీమోను.


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 14.

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం వరండాలో కూర్చుని పైకి చదివాను. మడమ దగ్గరికొచ్చేసరికి కాగితం మడిచేశాను. లోపల్నుంచి మీ బావగారొచ్చి "ఇంక చాల్లే, వాడు చెప్పేది నిజమే" అన్నారు. మీకెలా తెలుసండీ అంటే, తల వంచుకుని అప్పుడు చెప్పారు.

ఆ జూన్ ఆదివారం ఆ మెసేజీ ఆయనకీ వచ్చిందిరా. ఆయన నమ్మారు. నాతో అంటే నవ్వుతానని చెప్పకుండా, క్యారియరులో అన్నం, చారు పెట్టుకుని, ఐదు వేలు జేబురుమాల్లో కట్టుకుని ఏలూరు బస్సెక్కారు. ఫోన్లో డబ్బు పంపడం ఆయనకి ఇష్టం లేదు. "ఇచ్చేదేదో వాడి చేతికే ఇస్తాను, ఎలా ఉన్నాడో కళ్ళతో చూస్తాను" అనుకున్నారట. వార్డు వార్డుకీ తిరిగి "సీమోను అండీ, గుడివాకలంకండీ, కొంచెం నల్లగా ఉంటాడండీ, ఎప్పుడూ నవ్వుతుంటాడండీ" అని అడిగారట. నువ్వెక్కడా లేవు. ఆఖరికి పేర్ల పుస్తకం చూసేవాడు పేజీలు తిప్పి, "ఇప్పుడు లేడండి. ఆగస్టు ఇరవైకి రాసుంది. హెర్నియా. ఈయనేనా?" అన్నాడట.

అబద్ధం పట్టుకుని వెళ్ళిన మనిషికి నిజం దొరికింది. బయట బెంచీ మీద కూర్చుని ఆ క్యారియరు ఆయనే తినేసి ఇంటికొచ్చారు.

మరి రెండు నెలలు ఎందుకు చెప్పలేదండీ అన్నాను. "రెండొందల మందిలో నేనొక్కణ్ణే నమ్మానని తెలిస్తే వాడు ఊరంతా చెప్తాడు. పైగా తొమ్మిది బల్బులు విప్పించాడు కదా, కొన్నాళ్ళు ఉడకనీ. ఇరవైకి ఎలాగూ నేను వెళ్తాను" అన్నారు. మార్కెట్లో సెలవు జూలైలోనే చెప్పేశారట! నీ పేరెత్తితే లేచి వెళ్ళిపోయేది కోపంతో కాదురా, నోరు జారతానని.

క్రిస్టినా ఏమంటుందంటే, మొత్తం రెండొందల మందిలో సరిగ్గా చేసింది నాన్నే అట. దొంగ చూపించిన దారిలో వెళ్ళకుండా తన దారిన తను వెళ్ళి చూసుకున్నాడు. నమ్మడం తప్పు కాదు, కనుక్కోకుండా నమ్మడం తప్పు అంది. కనుక్కోకుండా నమ్మకపోవడం కూడా తప్పేనేమో అని నాకనిపించింది. గుడ్లు ఒలుస్తూ కూర్చున్నది నేనే కదా.

పందొమ్మిది పొద్దున్న బస్సుకి ఇద్దరం వస్తున్నాం. గుమ్మం దగ్గర ఉంటాను. చెప్పులు వేసుకునే వస్తాను.

అక్క.

సీమోనూ, బల్బులకి ఇది చెల్లు. డాక్టరు చెప్పినట్టు ఖాళీ కడుపుతో ఉండు. — మీ బావ జాకబ్


గుడివాకలంక,
సెప్టెంబర్ 12.

అక్కకీ, నన్ను నమ్మిన ఒకే ఒక్క మనిషికీ,

కుట్లు మానాయి. బాగానే నడుస్తన్నాను. నువ్వు పెట్టి వెళ్ళిన పచ్చడి పాపారావు సగం తినేశాడు. వాడికి వేరే సీసా పెట్టాల్సింది నువ్వు.

ఆపరేషనయ్యాక మత్తులో నేనేం చేశానో మీరిద్దరూ చెప్తే నమ్మలేదు. మొన్న కట్టు చూపించుకోడానికెళ్తే నర్సమ్మ సిల్వియాగారు సాక్ష్యం చెప్పారు. నేను ఇంకా కళ్ళు తెరవకముందే బావగారు నా చెవి దగ్గరికొంగి, "సార్, కరెంటాఫీసు నుంచండి, ఆ ఆరంకెల నంబరు చెప్పండి, తొందరగా" అన్నారంట. నేను కళ్ళు మూసుకునే "చెప్పనండీ, మీ ఆఫీసుకే వచ్చి కడతానండీ" అన్నానంట. వార్డంతా నవ్విందంట, నువ్వు ఏడ్చావంట. బావగారూ, ఏడాది ఆలోచించి ఇంత మంచి దెబ్బ కొట్టారు, నాకేమో ఒక్క ముక్క గుర్తు లేదు. ఇదేం న్యాయమండీ?

నిన్న ఇంకోడు ఫోన్ చేశాడు. "మీ పార్సిలు ఆగిపోయింది సార్, లింకు నొక్కండి" అన్నాడు. అక్కా, నా నాలుక దురద పెట్టింది. పార్సిల్లో నా రెండో పెళ్ళాం ఉందా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. పెట్టేసి, నంబరు బ్లాక్ చేశాను. వేళాకోళానికి వీలుండి వదిలేయడం నా జన్మలో ఇదే మొదలు. ఆపరేషన్ కంటే నొప్పెట్టింది.

వేళాకోళం మానేస్తానని చెప్పను, చెప్తే అదీ అబద్ధమే అంటావు. కానీ జబ్బు మీద ఆడను. చావు మీద ఆడను. పరిగెత్తించే ఆట ఏదీ ఆడను. మిగతావి నావే.

ఇక ఫోను సంగతి. గొంతు కూడా దొంగిలిస్తన్నారంట ఇప్పుడు, క్రిస్టినా చెప్పింది. అందుకని ఇంటికో గుర్తు పెట్టుకోమంది, బయటోళ్ళకి తెలియంది. నేను బాగా ఆలోచించి ఒకటి పెట్టాను. నీ గొంతు తేగలరు గానీ, నీలాగా నన్ను తిట్టడం ఏ దొంగకీ చేతకాదు.

కాబట్టి ఇక ఉత్తరాలు చాలు. ఈ సాయంత్రం ఫోన్ చెయ్యి. ఎత్తగానే ముందు తిట్టు. "బాగున్నావా తమ్ముడూ" అని మెత్తగా మొదలెట్టావనుకో, నువ్వు కాదని పెట్టేస్తాను.

ఎదురు చూస్తంటాను,
సీమోను.